ఏడో కన్నం

ఆ పిల్ల గొంతు విప్పిందంటే వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినపడాల్సిందే. అందుకే స్నేహితులు సైరన్ అని పేరు పెట్టారు. ఇంకొకరైతే అలిగి కూర్చునేవాళ్ళు. ఈమె మాత్రం అదేదో సన్మాన సభలో ఇచ్చిన బిరుదైనట్టు మోసుకు తిరుగుతోంది. గురువారం పొద్దున పదిన్నరకు ఆ సైరన్ బేకరీలో మోగింది.

"తొమ్మిది! తొమ్మిదయ్యాయి!"

కౌంటరు మీద వంగి సంతకం పెడుతున్న బేకరీ ఆయన ఉలిక్కిపడి పెన్ను జారవిడిచాడు.

"నా చెవులు ఇప్పటిదాకా బాగానే ఉన్నాయమ్మాయ్. ఇంకొన్నాళ్ళు బాగుండనీ."

"సారీ సార్. సంతోషం ఆగట్లేదు."

"ఆపకు. కొంచెం దూరం జరిగి సంతోషించు."

పొయ్యిని గంటన్నర ఆలస్యంగా వెలిగిస్తానని ఆయన కాగితం మీద మాటిచ్చాడు. తెల్లారి నాలుగింటి నుంచి ఖాళీ పొయ్యి మండుతూ కూర్చోవడం ఎందుకని సైరన్ అరగంటసేపు వాదించి ఒప్పించింది. వెంట ఉన్న ఇద్దరిలో పొడుగువాడు, అతన్ని అందరూ నిచ్చెన అంటారు, బేకరీ అద్దానికి పైఅంచున స్టిక్కరు అంటించాడు. కుర్చీ అవసరం లేదు అతనికి. రెండో ఆమె టోపీ. ఎండైనా వానైనా నీలంరంగు టోపీ తియ్యదు. స్టిక్కరు మీద బొమ్మ గీసింది ఆమే.

"బొమ్మ ముద్దుగా ఉంది. బాతెందుకు పెట్టారు?" అన్నాడు బేకరీ ఆయన.

"అది కొంగండీ," అంది టోపీ. అప్పటికి ఆ మాట ఆమె తొమ్మిదోసారి చెబుతోంది.

ఊరి చివర చిత్తడి నేల ఉంది. చిన్నప్పుడు ఈ ముగ్గురూ సైకిళ్ళ మీద వెళ్ళి అక్కడ కొంగల్ని లెక్కపెట్టేవాళ్ళు, లెక్క కుదరక పోట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు లెక్క ఇట్టే కుదిరిపోతోంది. మూడేళ్ళుగా ఎండాకాలం సగం కాకముందే నీళ్ళు ఇంకిపోతున్నాయి. చేపలు లేక కొంగలు గుడ్లను గూళ్ళలోనే వదిలేసి ఎగిరిపోతున్నాయి. ఎండలు ముదురుతున్నది పొగవల్ల, ఆ పొగలో మన వీధి పొగ కూడా ఉంది, కాబట్టి మన వీధితోనే మొదలుపెడదాం అని వీళ్ళ పట్టుదల. మొదటిరోజు ‘కర్బన ఉద్గారాలు’ అని మొదలుపెడితే పళ్ళకొట్టు ఆయన ఎంతో మర్యాదగా, "అవి మా దగ్గర లేవమ్మా, ఎదురు కొట్లో అడగండి," అన్నాడు. ఆ రోజు నుంచి ముగ్గురూ ‘పొగ’ అనే అంటున్నారు.

చిత్తడి నేలను చూసుకునే అధికారిని వీళ్ళు కొంగల మేడమ్ అంటారు. ఆవిడ ఒక మాట ఇచ్చింది. ఈ వీధిలో పది వ్యాపారాల వాళ్ళు కాగితం మీద మాటిస్తే, ఆ కాగితాలు పట్టుకుని పురపాలక సంఘానికి తనే వెళ్తుంది. ఊరంతటికీ అదే పద్ధతి పెట్టమని అడుగుతుంది. శనివారం మూడు గంటలకు వచ్చి చూస్తానంది. అంటే చేతిలో ఉన్నది రెండున్నర రోజులు. మిగిలింది ఒక్క సంతకం. మిగిలిన చోటు లాండ్రీ.

వీధిలోని పొగంతా ఒక ఎత్తు, లాండ్రీ పొగ ఒక్కటీ ఒక ఎత్తు. ఇంకెవరిదైనా పదో సంతకం తెచ్చి లాండ్రీని వదిలేస్తే ఇల్లంతా ఊడ్చి గుమ్మంలో చెత్త వదిలేసినట్టే. అది సైరన్‌కి తెలుసు. పైగా ఆ లాండ్రీలో బాయిలరు నడిపేది ఎవరో కాదు, సొంత మేనమామ. ఇరవై రెండేళ్ళుగా ఆ నిప్పు దగ్గరే ఉన్నాడు. అమ్మకి తమ్ముడు, వీళ్ళింట్లోనే ఉంటాడు. మామయ్య పని చేసేచోట ఓడిపోతే ఇంట్లో తల ఎలా ఎత్తుకుంటుంది?

లాండ్రీ ముందు గది అద్దంలా ఉంటుంది. గంజి వాసన, కొత్త కాగితం వాసన. కౌంటరు వెనక యజమాని నిలబడి, ఇస్త్రీ అయి వచ్చిన చొక్కా కాలరును రెండువేళ్ళతో నొక్కుతూ ఉంటాడు. నొక్కాల్సిన పని లేదు, అలవాటు.

"నా బాయిలరుకీ మీ కొంగకీ చుట్టరికం ఏమిటమ్మా?" అన్నాడు అంతా విని.

"చాలా దగ్గరి చుట్టరికం సార్! మీ పొగగొట్టం దమ్ము పీలిస్తే అక్కడ కొంగ దగ్గుతుంది."

"కొంగ దగ్గడం నేనెప్పుడూ వినలేదు."

"మీరు రండి, వినిపిస్తాను!"

ఆయన నవ్వాడు. నవ్వించగలిగితే సగం పని అయినట్టేనని సైరన్ లెక్క. "మీ మామయ్య మొహం చూసి ఊరుకుంటున్నాను. లోపలికి మాత్రం రానివ్వను. ఆవిరి, వేడి, జనాల ఖరీదైన బట్టలు. కావాలంటే పక్క సందులోంచి చూసుకోండి. ఆరబెట్టే గది గోడకి చిల్లులున్నాయని ఎవరో అన్నారు. అవేమైనా పనికొస్తాయేమో చూడండి."

పనికిరాకేం! ముగ్గురూ సందులోకి పరిగెత్తారు. లోపల ఆవిరి గొట్టాలతో వేడెక్కే గది. ఆ వేడి బయటికి పోతే బాయిలరు మరింత బొగ్గు తింటుంది. సైరన్ సన్నటి కాగితం ముక్క తీసి, చేతికందిన మొదటి కన్నం దగ్గర పట్టుకుంది. కాగితం చేపతోకలా ఊగింది. రెండో కన్నం దగ్గరా ఊగింది.

"చూశారా, చూశారా! వేడంతా వీధిపాలు!"

మొత్తం ఏడు కన్నాలు. మిగిలిన ఐదూ ఎత్తులో ఉన్నాయి.

"రెండూ ఊగాయంటే ఏడూ ఊగినట్టే," అంది టోపీ పుస్తకంలో రాసుకుంటూ. అప్పుడు ముగ్గురికీ అది చాలా తెలివైన మాటలాగే వినిపించింది.

నిచ్చెన ఇటుకల మీదికి ఎక్కి, కర్ర చివర చాక్‌పీసు కట్టుకుని ఒక్కో కన్నం చుట్టూ తెల్లటి సున్నా గీశాడు. చూరు కింద ఉన్న ఏడోది గీసేటప్పుడు మెడ చాచి చూశాడు. "ఇందులో గడ్డీ గాదం ఏదో ఉంది."

"గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది. దాంతో కలిపే మూసేస్తారులే, దిగు!" అని అరిచింది సైరన్.

కొంగల కోసం వీధి వీధంతా తిరుగుతున్న ముగ్గురు, గోడ కన్నంలో గడ్డిని చూసి చెత్త అనుకున్నారు. అదీ సంగతి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సైరన్ కంచంలో మెతుకు కదల్లేదు, నోరు మాత్రం ఆగలేదు. యజమాని ఏమన్నాడు, తను ఏమంది, కాగితం ఎలా ఊగింది, అన్నీ ఊగి చూపించింది. మామయ్య ఎదురుగా కూర్చుని తలవంచుకుని తింటున్నాడు. ఎంత తోమినా పోని బొగ్గు నలుపు గోళ్ళ చివర్లలో ఉంది. ఆయన ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు.

"ఆ గోడ నుంచి పోయే వేడి ఎంతని? అసలు వేడి పోతోంది..."

"అదే మామయ్యా, నేనూ అదే చెప్పాను! గోడ నుంచి పోయేది ఎంతనుకున్నారు సార్, అన్నాను. ఆయన మొహం చూడాలి నువ్వు!"

"వాణ్ణి కాస్త మాట్లాడనివ్వవే తల్లీ," అంది అమ్మ.

"మాట్లాడనీ, నేనొద్దన్నానా? ఊఁ, చెప్పు మామయ్యా."

మామయ్య ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళు వెలిగిపోతున్నాయి, కాళ్ళు కుర్చీ కింద ఆడుతున్నాయి. "ఏం లేదులే. ముందు తిను కోడలా," అన్నాడు.

*

శుక్రవారం లాండ్రీకి వచ్చినవాళ్ళంతా ఒకటే ప్రశ్న. గోడకేమైందండీ, ఆ సున్నాలేమిటండీ? ఎనిమిదోసారి విన్నాక యజమానికి ఉక్రోషం వచ్చింది, పదోసారికి ఉత్సాహం వచ్చింది. సైరన్‌ను పిలిపించాడు.

"ఏడు చోట్ల పోతోందంటావా నా వేడి?"

"ఏడు చోట్ల సార్! పగలంతా!"

"ఇరవై రెండేళ్ళుగా నాకు ఒక్కడూ చెప్పలేదు చూడు." ఆయన కాలరు నొక్కడం మర్చిపోయాడు. "రేపు పొద్దున్నే తాపీమేస్త్రీ వస్తాడు. పదింటికల్లా ఏడూ మూయిస్తా. మూడింటికి మీ మేడమ్ ముందు సంతకం పెడతా. ఫోటో తీస్తారా?"

"తీస్తాం! పేపర్లో కూడా వేయిస్తాం!"

"అయితే తెల్లచొక్కా."

బయటికొచ్చి ముగ్గురూ గెంతిన గెంతుకు నిచ్చెన తల లాండ్రీ బోర్డుకు తగిలి ఠంగుమంది. తల రుద్దుకుంటూనే గెంతాడు. టోపీ మొట్టమొదటిసారి టోపీ తీసి గాల్లోకి విసిరింది, అది పోయి పళ్ళకొట్టు అరటిగెల మీద పడింది. సైరన్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పది! వేలెడంత లేరని నవ్విన వీధి పది కాగితాల మీద మాటిచ్చింది. ఇక ఊరంతా. ఆ తర్వాత పక్క ఊరు. ఆ వేగంలో ఆమె మనసు అప్పటికే ఎన్ని ఊళ్ళు దాటిందో ఆమెకే తెలియదు.

ఆ రోజు ఆసుపత్రి దుప్పట్లు బండెడు వచ్చాయి. మామయ్య బాయిలరు దగ్గర నుంచి కదల్లేదు. రోజూ మధ్యాహ్నం పక్కసందులో బకెట్టు బోర్లించుకుని కూర్చుని తినే మనిషి, ఆ రోజు నిప్పు ముందు నిలబడే నాలుగు మెతుకులు తిన్నాడు. సందులోకి రాలేదు, చాక్‌పీసు సున్నాలు చూడలేదు. గోడకి గుర్తులు పెట్టారని విన్నాడు కానీ, చేతికందే ఆ రెండు చిల్లులకే అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం అమ్మ క్యారియరు చేతికిచ్చింది. "మామయ్యకిచ్చి రా. ఇవాళ నీ పండగ కదా, వాడితో నాలుగు మాటలు మాట్లాడు. మాట్లాడ్డమంటే వాణ్ణి కూడా మాట్లాడనివ్వమని."

సైరన్ సందు మలుపు తిరిగేసరికి గోడ మెరుస్తోంది. ఏడు చోట్ల బూడిదరంగు బిళ్ళలు, తడి ఇంకా ఆరలేదు. మేస్త్రీ నిచ్చెన గోడకే ఆనించి ఉంది, ఆయన టీకి వెళ్ళాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, తను కట్టిన మేడైనట్టు చూసుకుంది.

వెనక గుమ్మం లోంచి మామయ్య బకెట్టు పట్టుకుని వచ్చాడు. బోర్లించాడు. కూర్చోబోతూ అలవాటుగా చూరు కిందికి చూశాడు.

కూర్చోలేదు.

"ఇదెవరు మూశారు?"

"మేమే! అంటే మేం గుర్తుపెట్టాం, సార్ మూయించారు. ఏడుకి ఏడూ! ఎలా ఉంది?"

సైరన్ ఆయన చూపు వెంట పైకి చూసింది. ఒక పిచ్చుక. ముక్కున ఏదో ఆకుపచ్చ పురుగు. వచ్చి ఏడో బిళ్ళ మీద వాలబోయింది, కాళ్ళకు పట్టు దొరక్క జారింది, గిర్రున తిరిగి మళ్ళీ వచ్చింది. మళ్ళీ జారింది. చూరు అంచున ఇంకోటి కూర్చుని గొంతు చించుకుంటోంది. పురుగును మాత్రం ఆ మొదటిది వదల్లేదు.

"మూడు పిల్లలు," అన్నాడు మామయ్య. "గుడ్లు పగిలి ఇవాళ్టికి తొమ్మిది రోజులు."

సైరన్ చేతిలో క్యారియరు బరువెక్కింది. గడ్డీ గాదం. దాంతో కలిపే మూసేస్తారులే, దిగు. ఆ గొంతు తనదే. అంత పెద్ద గొంతు ఇంకెవరిది?

"లోపలి నుంచి తియ్యలేమా?"

"లోపల రేకు కొట్టాను, పిల్లలు గొట్టాల మీద పడకుండా. పదకొండేళ్ళయింది కొట్టి. ఆ కన్నంలోంచి చెంచాడు వేడి కూడా బయటికి రాదు. రేకు గొట్టాల వెనక ఉంది, బాయిలరు చల్లారితే తప్ప చెయ్యి పెట్టలేం. అందాకా వాటికి గాలాడదు."

అంటే ఆ కన్నం మూయాల్సిన అవసరమే లేదు. పైన కాగితం పట్టి చూసి ఉంటే ఊగేదే కాదు.

మామయ్య గుమ్మం వైపోసారి చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు వెళ్ళిపో కోడలా. నేను ఎక్కి తీసేస్తా. పచ్చిసిమెంటు ఊడి పడిందని చెబుతా. మూడింటికి సంతకం అయిపోనీ. నీ కష్టం పాడవకూడదు."

ఒక్క క్షణం, అబద్ధమెందుకు, సైరన్ ఆ మాట పట్టుకుని వేలాడింది. ఊడిపడింది అంతే. ఎవరు చూశారు? సంతకం, ఫోటో, పది కాగితాలు, పురపాలక సంఘం. పిచ్చుకలూ బతుకుతాయి, పనీ జరుగుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఇరవై రెండేళ్ళు నోరు విప్పని మామయ్య మీదికి ఒక చిన్న అబద్ధం వెళ్తుంది, అంతేగా.

అంతేగా అనుకున్నాక ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది.

క్యారియరు మూత ఊడదీసి చెంచా లాక్కుంది. చెప్పులు వదిలేసి మేస్త్రీ నిచ్చెన ఎక్కింది.

"జాగ్రత్తే! నిదానంగా!" మామయ్య రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు.

పైకి వెళ్ళాక పిచ్చుకలు ఆమె తల చుట్టూ తిరిగాయి. చెంచా అంచుతో బిళ్ళ చుట్టూ గీరింది. పైపొర గట్టిపడింది, కింద ఇంకా మెత్తగా ఉంది. ముద్దలు ముద్దలుగా ఊడి మామయ్య తల మీద, భుజాల మీద పడుతున్నాయి. ఆయన కదల్లేదు. చెంచా వంగింది. వంగిన చెంచాతోనే తవ్వింది. వేళ్ళు మండుతున్నాయి, గోళ్ళలోకి సిమెంటు వెళ్ళింది. బతికుండండి, బతికుండండి అని పైకే అంటోంది, తనకి తెలియకుండానే.

"ఏమిటది? ఏం చేస్తున్నావక్కడ?"

యజమాని. తెల్లచొక్కా. ఆయన వెనక నిచ్చెనా టోపీ, ఫోటో తీసే చోటు చూడ్డానికి తీసుకొచ్చినట్టున్నారు.

సైరన్ ఆగలేదు. ఆఖరి ముద్ద లోపలికి పడకుండా వేలితో బయటికి లాగింది. ఎండుగడ్డి వాసన, వెచ్చటి ఈకల వాసన కలిసి మొహానికి కొట్టింది. చీకట్లో ఏమీ కనపడలేదు. తర్వాత పసుపుపచ్చటి అంచులున్న నోరొకటి తెరుచుకుంది. పక్కనే రెండోది. మూడోది కొంచెం ఆలస్యంగా, అయినా తెరుచుకుంది.

"బతికే ఉన్నాయి!"

ఆ కేక వీధి చివర పళ్ళకొట్టుదాకా వెళ్ళిందని తర్వాత చెప్పుకున్నారు. టోపీ చప్పట్లు కొట్టి, యజమాని మొహం చూసి ఆపేసింది.

సైరన్ కిందికి దిగింది. జుట్టంతా బూడిదరంగు. దిగిన వెంటనే చెప్పేసింది, ఆలస్యం చేస్తే ధైర్యం జారిపోతుందని. "తప్పు మాదే సార్. పైవి కాగితం పట్టి చూడలేదు. ఏడో కన్నంలో గూడుంది. అందులోంచి వేడి అసలు పోవట్లేదు. ఇది మూయకూడదు."

"మూయమన్నదీ మీరే, తెరవమన్నదీ మీరే! నేనేమైనా తోలుబొమ్మనా మీరు ఆడించినట్టు ఆడ్డానికి?" ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పిట్టల కోసం మూయాలట, పిట్టల కోసం తెరవాలట. వెళ్ళండమ్మా, వెళ్ళండి. సంతకం లేదు, ఏమీ లేదు. మూడింటికి మీ మేడమ్‌కి నేనే చెబుతా."

నిచ్చెన తలదించుకున్నాడు. ఆ పొడుగు మనిషి అంత పొట్టిగా ఎప్పుడూ కనపడలేదు.

"అయ్యా," అన్నాడు మామయ్య.

యజమాని పక్కకు తిరిగాడు, ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందా అన్నట్టు.

"పిల్లలు తప్పు చోట చూశారు. కానీ వేడి పోతోంది, నిజమే. ఎక్కడ పోతోందో నేను చూపిస్తా."

జవాబు కోసం ఆగకుండా వెనక గుమ్మం వైపు నడిచాడు. యజమాని రెండడుగులు వేసి ఆగాడు, మళ్ళీ కదిలాడు. ఆయన వెనక ముగ్గురూ. ఈసారి లోపలికి రావద్దని ఎవరూ అనలేదు.

బాయిలరు గది మోచెయ్యి ఆడనంత ఇరుకు. మామయ్య పార పక్కకు జరిపి నేల మీదున్న జాలీ ఎత్తాడు. కింద కాలువలో నీళ్ళు సుడి తిరుగుతూ పొగలు కక్కుతున్నాయి. "ఇస్త్రీ బల్లల్లోకి వెళ్ళిన ఆవిరే ఇలా నీళ్ళై వెనక్కొస్తుంది. సలసలా కాగి ఉన్నాయి. వీటిని తూములోకి వదిలేసి, బాయిలరుకి చన్నీళ్ళు పోస్తున్నాం. మళ్ళీ మొదటి నుంచి కాగబెడుతున్నాం. ఒక గొట్టం, ఒక పంపు పెడితే ఇవే మళ్ళీ లోపలికి పోతాయి." ఆయన నడుస్తూనే చెబుతున్నాడు. "ఇదిగో ఈ రెండు కవాటాలు మూసుకోవు, ఆవిరి ఊరికే పోతుంది, ఆ బుసబుస అదే. పొద్దున ఐదింటికి వెలిగించమంటారు, మొదటి బట్టలు ఎనిమిదింటికి గాని రావు. ఏడింటికి వెలిగించినా సరిపోతుంది. నా లెక్కన రోజూ వేసే బొగ్గులో ఐదు పాళ్ళకి ఒక పాలు దండగ."

యజమాని వంగి ఆవిరి మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆయన ఈ గదిలోకి వచ్చి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమయ్యా?"

"చెప్పానయ్యా. మొదటిసారి మీరు ఫోన్లో ఉన్నారు. రెండోసారి సీజనయ్యాక చూద్దామన్నారు." మామయ్య గొంతులో నిష్ఠూరం లేదు. అదే సైరన్‌కి ఎక్కువ గుచ్చుకుంది.

"నాకూ చెప్పబోయాడు," అందామె. "మొన్న అన్నం దగ్గర. అసలు వేడి పోతోంది అని మొదలుపెట్టాడు. నేను పూర్తిచెయ్యనివ్వలేదు. ఇన్నేళ్ళుగా క్యారియరు ముందు గదిలో ఇచ్చి వెళ్తున్నా, ఒక్కసారి కూడా అడగలేదు."

"పోనీలే కోడలా," అన్నాడు మామయ్య. "నువ్వడిగినా నేను చెప్పేది మూడు ముక్కలే కదా."

"ఇప్పుడు ముప్ఫై చెప్పావు," అంది ఏడుస్తూ నవ్వుతూ.

*

కొంగల మేడమ్ సరిగ్గా మూడింటికి వచ్చింది. ఆవిడ వచ్చేసరికి యజమాని చొక్కా మార్చుకుని ఉన్నాడు, మాట కూడా మార్చుకుని ఉన్నాడు. "ఇదిగో మేడమ్, ఈ వేడినీళ్ళు చూడండి. వీటిని తిరిగి బాయిలరులోకి పంపాలని నా ఆలోచన. వచ్చేవారమే గొట్టం వేయిస్తున్నా. ఇవి కవాటాలు..." అని చెప్పుకుపోతున్నాడు. మామయ్య పక్కన నిలబడి పారతో బొగ్గు సర్దుతున్నాడు, ఇదంతా ఎవరి సంగతో అన్నట్టు.

సైరన్ కాగితం తీసింది. కింద ‘యజమాని సంతకం’ అని ఒక గీత ఉంది, అంతే. తొమ్మిది కాగితాల మీదా ఆ ఒక్క గీతే. ఆమె పెన్ను తీసుకుని ఆ గీతకు పైన ఇంకో గీత కొట్టి, ‘నిప్పు దగ్గరి మనిషి’ అని రాసింది. కాగితాన్ని ముందు మామయ్య చేతికిచ్చింది.

మామయ్య యజమాని వైపు చూశాడు. యజమాని కొంగల మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కాగితం వైపే చూస్తోంది.

"పెట్టవయ్యా," అన్నాడు యజమాని, ఒక గుటక మింగి. "నీ ఆలోచనే కదా."

మామయ్య రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. హాజరుపట్టీలో తప్ప ఎక్కడా పెట్టని సంతకం పెట్టాడు, ఒక్కో అక్షరం విడివిడిగా. బొటనవేలి బొగ్గుముద్ర కూడా పడింది. కింద మిగిలిన చోట్లో యజమాని తనది ఇరికించాడు. ఫోటోలో ఆయన నవ్వాడు. మామయ్య కళ్ళు మూసుకుని పడ్డాడు, అది వేరే సంగతి.

"పది!" అంది మేడమ్. "సాధించారు! సోమవారమే తీసుకెళ్తా."

టోపీ గెంతడానికి సిద్ధమైంది. సైరన్ కాగితం వంకే చూస్తోంది. రెండు సంతకాలున్నది ఇదొక్కటే.

"పది కాదు మేడమ్. ఒకటి."

"అదేమిటి?"

"మిగతా తొమ్మిది చోట్లా మేం ముందు గుమ్మంలోనే నిలబడ్డాం. వెనక్కి వెళ్ళి ఒక్కరినీ అడగలేదు. ఇక్కడ గోడ చూసి ఏడు అనుకున్నట్టే అక్కడా అనుకుని ఉంటాం." అంటుంటే ఆమెకి భయం వేయలేదు. శుక్రవారం కంటే ఎక్కువ ఉత్సాహం వచ్చింది. "వారం ఆగుతారా? ఇంకో వారం. ఈసారి నిజంగా పది ఇస్తాం."

"చచ్చాం," అన్నాడు నిచ్చెన. అంటూనే స్టిక్కర్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. టోపీ కొత్త కాగితాల మీద రెండో గీత కొట్టడం అప్పటికే మొదలుపెట్టింది.

మేడమ్ ముగ్గురి వైపూ తిరిగింది. "వచ్చే శనివారం. మూడింటికి," అంది.

సందులోంచి వెళ్తూ ముగ్గురూ తలెత్తి చూశారు. పిచ్చుక కన్నం అంచున వాలి తల లోపలికి పెట్టి ఉంది, తోక మాత్రమే బయట కనిపిస్తోంది.

బేకరీ వెనక గుమ్మం ఎక్కడుందో కనుక్కోవడానికే పది నిమిషాలు పట్టింది. లోపల పొయ్యి ముందు భారీ మనిషి ఒకడు, మోచేతులదాకా పిండి, పొడవాటి చెక్క తెడ్డుతో రొట్టెలు లాగుతున్నాడు.

"పొయ్యి ఎన్నింటికి వెలిగిస్తున్నారండీ?" అని అడిగింది సైరన్.

"నాలుగింటికి. ఎప్పట్లాగే."

"నిన్నటి నుంచి ఐదున్నరకి కదా?"

"ఎవరన్నారు?" ఆయన తెడ్డు గోడకు ఆనించాడు. "ముందు అద్దానికి బాతు బొమ్మ అంటించారు, దాని సంగతేనా?"

"కొంగ," అంది టోపీ, ఓపిక లేని గొంతుతో.

సైరన్ నోరు తెరిచింది. చిత్తడి నేల, ఎండలు, గూళ్ళలో వదిలేసిన గుడ్లు, అన్నీ నాలుక చివర వరసగా నిలబడి ఉన్నాయి. ఆమె వాటిని మింగేసింది.

"ఈ పొయ్యిలో వేడి ఎక్కడెక్కడ దండగవుతోందో మీకు తెలుసా?" అంది. ఆ గొంతు అంత మెల్లగా రావడం నిచ్చెన వినడం అదే మొదటిసారి.

ఆ మనిషి వెనక్కి తిరిగి చూసుకున్నాడు, తననే అడుగుతున్నారా ఇంకెవరినైనా అడుగుతున్నారా అని. వెనక ఎవరూ లేరు. చేతుల పిండి దులుపుకుని, మూలనున్న ఖాళీ డబ్బాలు మూడు కాలితో ముందుకు తోశాడు.

"కూర్చోండి. చాలా ఉంది."